స్కౌటు నాయకుడు, శాంతిదూత: కౌంట్ ఫోల్కే బెర్నడాట్

స్కౌటు అనగానే మనలో చాలామందికి స్ఫురించేది ఖాకీ దుస్తులు, మెడలో రుమాలు, చేతిలో కర్ర, తాడుముళ్ళు, రాత్రివేళ నెగడు చుట్టూ చేరి పాడే పాటలు. పాఠశాల విడిచి కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థి వీటినన్నిటిని బాల్యక్రీడలుగా ఎంచి ప్రక్కన పెట్టడం పరిపాటి. రోవర్ దళంలో చేరవలసిందని మిత్రులను అడిగినప్పుడు "ఇంకా ఆ పిల్లలాటలేనా?" అని వారు నవ్వడం ఈ వ్యాసకర్తకు అనుభవమే. ఆ నవ్వుకు సమాధానంగా ఉపన్యాసం చెప్పడం కంటె ఒక మనిషి కథ చెప్పడం మేలని తోచింది.

ఆయన స్వీడన్ దేశస్థుడైన కౌంట్ ఫోల్కే బెర్నడాట్. ప్రపంచ చరిత్ర ఆయనను ఐక్యరాజ్యసమితి నియమించిన తొలి మధ్యవర్తిగా, ఆ ధర్మాన్ని నిర్వహిస్తూ ప్రాణం కోల్పోయిన త్యాగిగా ఎరుగును. స్వీడన్ దేశపు బాలురు అంతకు పూర్వమే ఆయనను తమ స్కౌటు నాయకునిగా ఎరుగుదురు. ఇవి రెండు వేర్వేరు జీవితాలు కావనీ, మొదటిది రెండవదానిలోనే వేళ్ళూనుకొన్నదనీ నా అభిప్రాయం.

బెర్నడాట్ 1895 జనవరి 2వ తేదీన స్టాక్‌హోం నగరంలో జన్మించారు. స్వీడన్, నార్వే దేశాలను ఏలిన రెండవ ఆస్కార్ రాజు ఆయనకు పితామహుడు. తండ్రి ఆస్కార్ రాజకుమారుడు 1888లో రాజవంశానికి చెందని ఎబ్బా మంక్ అనే యువతిని తాను కోరి వివాహమాడి, అందుకు మూల్యంగా సింహాసనంపై వారసత్వపు హక్కును కోల్పోయారు. దైవభక్తి మెండుగా గల ఆ తండ్రి తన కాలాన్ని అధికభాగం యువజన క్రైస్తవ సంఘ కార్యక్రమాలకు వినియోగించారు. కనుక మన కథానాయకుడు పుట్టింది రాజవంశంలోనే అయినా పెరిగింది మాత్రం ప్రార్థన, మితవ్యయం, పరసేవ నిత్యకృత్యాలుగా గల ఇంట. కార్ల్‌బర్గ్ సైనిక విద్యాలయంలో శిక్షణ పొంది అశ్వికదళంలో అధికారి అయ్యారు. 1928లో అమెరికా దేశీయురాలు ఎస్టెల్ మాన్‌విల్‌ను వివాహమాడారు. 1933లో చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ పక్షాన ప్రతినిధిగా వ్యవహరించారు. అంతవరకు ఆయన జీవితంలో చెప్పుకోదగిన విశేషం లేదనే చెప్పవలె. నలుబది ఏండ్లు దాటే వరకు ఆయన ఒక సత్ప్రవర్తన గల ప్రభువంశీయుడు, అంతే.

ఇక్కడ స్వీడన్‌లో స్కౌటు ఉద్యమం ఎట్లు పాదుకొన్నదో కొంచెం తెలుసుకోవడం అవసరం. లార్డ్ బేడెన్ పవెల్ 1907 ఆగస్టులో ఇంగ్లండు తీరాన బ్రౌన్‌సీ అనే చిన్న ద్వీపంలో ఇరువది మంది బాలురతో ప్రయోగాత్మకంగా శిబిరం నడిపారు. మరుసటి సంవత్సరం ఆయన గ్రంథం వెలువడింది. ఆ గ్రంథాన్ని స్వీడిష్ భాషలోనికి తెచ్చి, ఆ దేశంలో ఉద్యమానికి పునాది వేసినవారు ఎబ్బే లీబెరాత్ అనే సైనికాధికారి. 1912లో స్వీడన్ స్కౌటు సమాఖ్య ఏర్పడింది. 1937లో లీబెరాత్ కన్నుమూశారు. ఆ సంవత్సరమే సమాఖ్య నాయకత్వం బెర్నడాట్ చేతికి వచ్చింది. ఆ అనుబంధం ఆయన జీవితాంతం నిలిచింది.

స్కౌటు పద్ధతిలోని కీలకం దుస్తులలో లేదు, ముళ్ళలో అసలే లేదు. ఆరుగురు లేదా ఎనమండుగురు బాలురు ఒక పెట్రోలు. వారిలో ఒకడే వారికి నాయకుడు. వంటచెరకు తేవడం మొదలు గాయపడినవానికి కట్టు కట్టడం వరకు ప్రతి పనికీ ఒకరు బాధ్యులు. పెద్దలు దూరంగా నిలిచి చూస్తారే గాని చేయి పట్టి చేయించరు. పదునాలుగేండ్ల బాలునికి నిజమైన బాధ్యత అప్పగించి, వాడు దానిని నెరవేర్చగలడని నమ్మడమే ఈ విద్యలోని రహస్యం. సిద్ధంగా ఉండుమని చెప్పే స్కౌటు సూత్రానికి అర్థం కూడా ఇదే. ఏ ఆపద వస్తుందో ముందుగా తెలియదు. వచ్చిన నాడు ఎవరు ఏమి చేయవలెనో మాత్రం ముందే తెలిసి ఉండవలె.

1939లో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. స్వీడన్ తటస్థ దేశం. అయినా 1940 ఏప్రిల్‌లో పొరుగుననున్న డెన్మార్క్, నార్వేలను జర్మన్ సేనలు ఆక్రమించినప్పుడు తటస్థత ఎంతకాలం నిలుస్తుందో ఎవరికీ తెలియని పరిస్థితి ఏర్పడింది. బెర్నడాట్ స్కౌటు బాలురను దేశరక్షణ ప్రణాళికలో చేర్చడానికి పూనుకొన్నారు. విమానదాడుల నుండి రక్షణకు సంబంధించిన పనులలో, వైద్య సహాయకుల విధులలో వారికి శిక్షణ ఏర్పాటు చేశారు. పిల్లలను యుద్ధంలోనికి లాగడం కాదా ఇది అని శాంతివాదులు అడగవచ్చు. నాకూ ఆ సందేహం కలిగింది. అయితే ఆ కాలంలోనే జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం స్కౌటు సంఘాలను రద్దుచేసి బాలురను తన యువజన సేనలోనికి నెట్టింది. ఆక్రమిత నార్వేలో 1941లో స్కౌటు సంఘాలను నిషేధించింది. ఒకచోట బాలునికి ద్వేషం నేర్పారు. మరొకచోట గాయాన్ని కడగడం నేర్పారు. ఈ భేదం చిన్నది కాదు.

1943లో బెర్నడాట్ స్వీడిష్ రెడ్‌క్రాస్ ఉపాధ్యక్షులైనారు. ఆ సంవత్సరమే గోటెన్‌బర్గ్ రేవులో ఉభయపక్షాల క్షతగాత్రులైన యుద్ధఖైదీల మార్పిడి జరిగినప్పుడు ఆయన ముఖ్యపాత్ర వహించారు. కాని ఆయన పేరు లోకానికి తెలిసింది 1945లో, 'తెల్ల బస్సుల' వల్ల.

యుద్ధం చివరిదశకు వచ్చింది. జర్మనీ నిర్బంధ శిబిరాలలో వేలాది నార్వే, డెన్మార్క్ దేశస్థులు మగ్గుతున్నారు. ఓడిపోతున్న ప్రభుత్వం వారిని ప్రాణాలతో వదలుతుందన్న నమ్మకం లేదు. వారిని విడిపించి తేవలెనన్న తలంపు మొదట నార్వే దౌత్యవేత్త నీల్స్ క్రిస్టియన్ డిట్లెఫ్‌ది. ఆ ఘనతను బెర్నడాట్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఆ తలంపును పట్టుకొని బెర్లిన్ వెళ్ళి, శిబిరాలపై సర్వాధికారియైన హిమ్లర్ ఎదుట కూర్చొని మాట్లాడే పని మాత్రం బెర్నడాట్‌దే. 1945 ఫిబ్రవరిలో వారి మొదటి సమావేశం జరిగింది. హిమ్లర్‌కు ప్రాచీన స్కాండినేవియా సంస్కృతి మీద మోజు ఉన్నదని విని, ఆ విషయమై పదునేడవ శతాబ్దంలో వెలువడిన గ్రంథమొకటి కానుకగా తీసుకొని వెళ్ళారట. లక్షలాది ప్రాణాలు బలిగొన్నవానికి పుస్తకం కానుకగా ఇవ్వడం తగునా అని మనకు రోతపుట్టవచ్చు. తలుపు లోపల మనుషులున్నప్పుడు తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నదో వానితోనే మాట్లాడక తప్పదు.

మార్చి నెలలో స్వీడన్ నుండి ఆ దండు కదిలింది. 36 ఆసుపత్రి బస్సులు, 19 లారీలు, కొన్ని కార్లు, మోటారు సైకిళ్ళు, ఒక సంచార వంటశాల. సుమారు 300 మంది సిబ్బందిలో ఇరువదిమంది వరకు వైద్యసిబ్బంది, తక్కినవారు స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన సైనికులు. జర్మనీలో గుక్కెడు పెట్రోలుగాని, ముద్ద అన్నంగాని తీసుకోకూడదన్న షరతు ఉన్నందున ఇంధనం, ఆహారం, మరమ్మతు సామగ్రి సమస్తం వెంట తీసుకొని వెళ్ళారు. ఆకాశం నుండి చూచే మిత్రరాజ్యాల విమానాలు సైనిక వాహనాలని పొరబడకుండా బస్సులకు తెల్లరంగు పూసి ఎర్రశిలువ గుర్తు వేశారు. అయినా ఆ విమానాల గుండ్లు తగిలి కొందరు మరణించారు. చక్కని శిబిర నిర్వహణ ఎరిగిన స్కౌటు ఎవడైనా ఈ పట్టిక చూస్తే ఇది తన చేతివ్రాతే అని గుర్తుపడతాడు.

థెరీసియన్‌స్టాట్ శిబిరం నుండి 423 మంది డెన్మార్క్ యూదులు ఆ బస్సులలోనే బయటపడ్డారు. రేవెన్స్‌బ్రూక్ మహిళా శిబిరం నుండి వివిధ దేశాల స్త్రీలు వేలాదిగా విముక్తులైనారు. మొత్తం మీద ఈ దండు రక్షించినవారి సంఖ్య 15,000కు పైబడిందని, అందులో సుమారు సగం మంది స్కాండినేవియా దేశాలకు చెందనివారని లెక్క.

ఇంతవరకే చెప్పి ఊరకుంటే అది స్తోత్రమవుతుంది గాని చరిత్ర కాదు. హాంబర్గ్ సమీపాన న్యూయన్‌గామ్ శిబిరంలో స్కాండినేవియా ఖైదీలందరిని ఒకచోట చేర్చడానికి స్థలం చాలలేదు. జర్మన్ అధికారుల ఒత్తిడి మీద, మార్చి నెలాఖరున అదే తెల్ల బస్సులలో ఇతర దేశాల ఖైదీలను సుమారు రెండువేల మందిని వేరే శిబిరాలకు తరలించారు. వారిలో అనేకులు రోగపీడితులు, నడవలేనివారు. కొందరు దారిలోనే మరణించారు. స్వీడన్ చరిత్రకారిణి ఇన్‌గ్రిడ్ లోమ్ఫోర్స్ 2005లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంపై ఆ దేశంలో చర్చ రేపింది. ఒకని ప్రాణానికి మరొకని స్థలాన్ని వెలగా అడిగినప్పుడు ఏమి చేయవలె? ఏ స్కౌటు పుస్తకమూ దీనికి సమాధానం చెప్పదు. బెర్నడాట్‌ను నేను దోషిగా నిలపడం లేదు. కాని అందరికీ మిత్రుడనని చెప్పుకొనే మనిషి పడే అగ్నిపరీక్ష ఎటువంటిదో ఈ ఘట్టం చూపుతున్నదన్నది నిజం.

1946లో ఆయన స్వీడిష్ రెడ్‌క్రాస్ అధ్యక్షులైనారు. 1948 మే 14వ తేదీన పాలస్తీనాలో ఇజ్రాయెల్ రాజ్యస్థాపన ప్రకటన జరిగింది. బ్రిటిష్ పాలన అంతరించింది. మరునాడే పొరుగు అరబ్బు దేశాల సేనలు ప్రవేశించాయి. యుద్ధం మొదలైంది. మే 20వ తేదీన ఐక్యరాజ్యసమితి బెర్నడాట్‌ను మధ్యవర్తిగా నియమించింది. వృత్తిరీత్యా ఆయన దౌత్యశాఖోద్యోగి కారన్నది గమనించదగిన విషయం. మన ఉర్దూ మిత్రులు మధ్యవర్తిని 'సాలిస్' అంటారు. ఆ మాటకు మూడవవాడని కూడా అర్థం. తగవులో ఉన్న ఇద్దరిలో ఎవరికీ చెందని మూడవవాడుగా ఉండడమే ఆయన అర్హత.

రోడ్స్ ద్వీపాన్ని కార్యస్థానంగా చేసుకొని ఆయన కైరో, అమ్మాన్, టెల్ అవీవ్, బీరూట్, డమాస్కస్ నగరాల నడుమ తెల్లరంగు పూసిన విమానంలో తిరిగారు. ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు అమెరికాకు చెందిన నల్లజాతి పండితుడు రాల్ఫ్ బంచ్. మూడువారాల్లో, అంటే జూన్ 11వ తేదీన, నాలుగు వారాల యుద్ధవిరామం సాధించారు. విరామం ఉల్లంఘన కాకుండా చూచేందుకు వివిధ దేశాల సైనికాధికారులను పరిశీలకులుగా నిలిపారు. వారి చేతిలో ఆయుధం లేదు. ఐక్యరాజ్యసమితి శాంతిపరిరక్షణ కార్యక్రమాలన్నిటికీ ఇదే ఆరంభం. ఆ గడువు ముగిసి మళ్ళీ పోరు చెలరేగింది. జూలై 18 నుండి రెండవ విరామం అమలులోనికి వచ్చింది.

యుద్ధం ఆపడం ఒక ఎత్తు, తగవు తీర్చడం మరొక ఎత్తు. జూన్ నెలాఖరులో ఆయన చేసిన తొలి ప్రతిపాదనలలో జెరూసలేం నగరాన్ని అరబ్బు ప్రాంతంలో ఉంచి యూదులకు స్థానిక స్వపరిపాలన ఇవ్వాలన్న అంశం ఉంది. ఉభయపక్షాలు ఆ ప్రతిపాదనలను తిరస్కరించాయి. ఆయన మొండిపట్టు పట్టక, వినవలసినది విని, సెప్టెంబరు 16వ తేదీన రెండవ నివేదిక పూర్తిచేశారు. యూదరాజ్యం ఏర్పడిందన్నది వాస్తవమనీ, దానిని కాదనలేమనీ అందులో అరబ్బులకు చెప్పారు. ఇండ్లు వాకిళ్ళు విడిచి పారిపోయిన మూడు లక్షలకు పైగా అరబ్బు శరణార్థులకు తిరిగివచ్చే హక్కు ఉన్నదనీ, రాదలచుకోనివారికి నష్టపరిహారం ఇవ్వవలెననీ ఇజ్రాయెలుకు చెప్పారు. జెరూసలేంను ఐక్యరాజ్యసమితి ఆధీనంలో ఉంచవలెనన్నారు. వినడానికి ఎవరికీ తీయగా లేని నివేదిక అది.

మరునాడు, 1948 సెప్టెంబరు 17వ తేదీ శుక్రవారం. ఆ తేదీ మన హైదరాబాదు ప్రాంతవాసులకు వేరొక కారణాన మరపురానిది. నిజాం ప్రభుత్వం కాల్పుల విరమణ ప్రకటించి, సంస్థాన చరిత్రలో ఒక అధ్యాయం ముగిసిన రోజది. అంతకు ముందురోజే పారిస్ నగరంలో భద్రతామండలి హైదరాబాదు వ్యవహారాన్ని విచారణకు తీసుకొన్నది. బెర్నడాట్ నివేదిక చేరవలసినదీ ఆ పారిస్ నగరంలో సమావేశం కానున్న సర్వప్రతినిధి సభకే. మన ఇండ్లలో పెద్దలు ఆ తేదీని తలచుకొన్నప్పుడు వేల మైళ్ళ దూరాన జరిగిన ఈ విషాదాన్ని కూడా తలచుకొనేవారు తక్కువ.

ఆనాడు బెర్నడాట్ జెరూసలేం వెళ్ళారు. ప్రమాదం పొంచి ఉన్నదన్న హెచ్చరికలు ఆయన చెవిన పడకపోలేదు. అయినా వెళ్ళారు. సాయంకాలం మూడు కార్ల బారు నగరంలోని కాటమోన్ పేట గుండా పోతుండగా ఒక జీపు అడ్డం నిలిచింది. సైనిక దుస్తులలో ఉన్న సాయుధులు దిగి వచ్చారు. ఒకడు వెనుకసీటు కిటికీలో నుండి తుపాకి కాల్చాడు. బెర్నడాట్, ఆయన ప్రక్కన కూర్చున్న ఫ్రెంచి వైమానిక దళాధికారి కర్నల్ ఆంద్రే సెరో మరణించారు. సెరో భార్య జర్మన్ శిబిరం నుండి బెర్నడాట్ కృషి వల్లనే బయటపడిందనీ, ఆ కృతజ్ఞత స్వయంగా చెప్పుకోవాలనే ఆయన ఆ సీటు అడిగి మరీ కూర్చున్నాడనీ చెబుతారు. హంతకులు లేహీ అనే యూదు తీవ్రవాద దళానికి చెందినవారు. మధ్యవర్తి ప్రతిపాదనలు తమ రాజ్యానికి ముప్పు అని వారి వాదం. బెర్నడాట్‌కు అప్పటికి 53 ఏండ్లు.

దూత అవధ్యుడని మన ఇతిహాసాలు ఘోషిస్తున్నాయి. లంకలో హనుమంతుని చంపబోయిన రావణుని విభీషణుడు వారించింది ఆ ధర్మం చెప్పే. జెరూసలేం వీథిలో ఆనాడు ఆ మాట చెప్పేవారు లేకపోయారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం ఆ దళాన్ని రద్దుచేసి పలువురిని నిర్బంధించినా, హత్యానేరం క్రింద ఎవరినీ విచారించలేదు. 1995లో ఆ దేశపు విదేశాంగమంత్రి షిమోన్ పెరెస్ బహిరంగంగా విచారం వ్యక్తపరచడానికి 47 ఏండ్లు పట్టింది.

ఆయన ఆరంభించిన పని మాత్రం ఆగలేదు. 1948 డిసెంబరు 11వ తేదీన సర్వప్రతినిధి సభ ఆమోదించిన 194వ తీర్మానంలో శరణార్థుల గూర్చిన అంశం ఆయన సిఫార్సు ననుసరించినదే. అది నేటికీ అమలుకు నోచుకోలేదు. రాల్ఫ్ బంచ్ సంప్రదింపులు కొనసాగించి 1949లో ఇజ్రాయెలుకు, నాలుగు పొరుగు దేశాలకు మధ్య యుద్ధవిరమణ ఒప్పందాలు కుదిర్చారు. 1950లో నోబెల్ శాంతి బహుమానం పొందారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని గస్టావస్ అడాల్ఫస్ కళాశాల తన గ్రంథాలయానికి బెర్నడాట్ పేరు పెట్టుకొన్నది. స్వీడన్ ప్రభుత్వం 2002లో శాంతి కార్యకర్తల శిక్షణకై నెలకొల్పిన సంస్థ కూడా ఆయన పేరనే ఉంది.

ఎస్టెల్‌కు నలుగురు కుమారులు కలుగగా ఇద్దరు పసితనంలోనే పోయారు. మిగిలిన ఇద్దరితో, పుట్టినది కాని దేశంలో ఆమె ఒంటరి అయింది. పుట్టింటికి తిరిగిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆమె స్వీడన్‌లోనే నిలిచి, ఆ దేశపు బాలికల స్కౌటు సంఘానికి నాయకత్వం స్వీకరించింది. భర్త బాలురతో సాగించిన పనిని ఆమె బాలికలతో సాగించింది.